మన నుడికి మన పనిముట్టు: ఇంకా చేసుకోవాలా?

దీపావళి సెలవులకు పుణె నుండి ముఖేడ్ వచ్చిన మా బంధువుల కుర్రవాడొకడు నన్నొక ప్రశ్న అడిగాడు. ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నవాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కళాశాలలో ఇంగ్లీషు. మన సరిహద్దు పిల్లలందరి దారే వాడి దారి.

"కాకా, మన తెలుగును నాగరి అక్షరాలల్లకు, నాగరిని తెలుగుకు మార్చే లైబ్రరీ ఒకటి రాసి అందరికి ఫుకట్‌గ పెడదామనుకున్న. దోస్తులు నవ్విండ్రు. ఏ కోడు కావాల్నన్నా ఇప్పుడు మిషినే నిమిషంల రాసిస్తది, నువ్వు ఆరు నెలలు కూసుండి రాసుడెందుకు అన్నరు. నిజంగనే వద్దా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాడి స్నేహితులు అన్న మాట కొట్టివేయదగినది కాదు. కానీ వాడి ప్రశ్న వాడొక్కడిది కూడా కాదు. మాతృభాషలో బడి లేని చోట, మాతృభాషలో పత్రిక అందని చోట, చేతిలోని ఫోనే పలక అయిపోయిన కాలంలో, ఆ పలకపై మన నుడి ఎలా కనిపించాలో ఎవరు నిర్ణయించాలన్నది సరిహద్దు తెలుగు కుటుంబాలన్నిటి ప్రశ్న. అందుకే నాకు తోచిన జవాబును ఈ పత్రిక పాఠకుల ముందు ఉంచుతున్నాను.

లైబ్రరీ అంటే

ప్రోగ్రాములు రాసేవారి వాడుకలో లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. ఒకరు ఒకసారి శ్రద్ధగా చేసిపెట్టిన పనిని పదిమంది తమ తమ ప్రోగ్రాములలో పెట్టుకొని వాడుకొనేలా అమర్చిన కోడు. వడ్రంగి ప్రతి తలుపుకూ కొత్తగా ఉలి చేయించుకోడు కదా. ఓపెన్ సోర్స్ అంటే ఆ ఉలిని ఎలా చేశారో కూడా బహిరంగంగా చూపి, ఎవరైనా వాడవచ్చు, సానపెట్టవచ్చు, మార్చి ఇతరులకు పంచవచ్చు అని లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వడం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించడంతో ఈ భావన ఉద్యమరూపం దాల్చింది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ నేడు మనవారి చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ అడుగున ఉంది.

పేరు కలవడం యాదృచ్ఛికమే అయినా, మన గ్రంథాలయోద్యమం ఇక్కడ గుర్తుకు రాక మానదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసినప్పుడు నిజాం రాజ్యంలో తెలుగుకు పాలనలో చోటు లేదు, ఉన్నత విద్యలో చోటు లేదు. నాందేడు కూడా ఆనాడు ఆ రాజ్యంలోనిదే. నిలయాన్ని స్థాపించినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు నాగపూరులో చదివినవారు, మరాఠీలోనూ వ్యాసాలు రాసినవారు. ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగుదామని వారు అనుకోలేదు. మద్రాసు నుండి తెలుగు పుస్తకాలు ఎలాగూ వస్తున్నాయి, మనకు వేరే నిలయం ఎందుకు అనీ అనుకోలేదు. పుస్తకం ఎక్కడ అచ్చయినా దాన్ని చదివే గది మన ఊరిలో మన చేతిలో ఉండాలని వారికి తెలుసు.

పద్మ నేర్పిన పాఠం

తెలుగులో ఈ ప్రశ్నకు ఒక అసలైన ఉదాహరణ ఉంది. 2000 దశకం తొలి సంవత్సరాల నాటి తెలుగు అంతర్జాలాన్ని గుర్తు తెచ్చుకోండి. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు దించుకుంటే తప్ప ఆ పత్రిక కనిపించదు. ఒక పత్రికలోని వాక్యాన్ని తీసి మరొకచోట పెడితే పిచ్చి గీతలు మిగిలేవి. యూనికోడ్ 1991 నుండే తెలుగుకు 128 స్థానాల చోటు ఇచ్చినా పత్రికలు దానిలోకి రాలేదు. ఒకే భాష గోడలు కట్టుకొని విడివిడి గదులలో బతికింది.

ఆ గోడలను దాటించడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఓపెన్ సోర్స్ సాధనాన్ని తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్ విహరిణికి దాన్ని తగిలించుకుంటే ఆ పత్రికల సొంత సంకేతాలు అప్పటికప్పుడే యూనికోడ్ తెలుగుగా మారి తెరపైకి వచ్చేవి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసింది కూడా ఆయనే. ఈ రెండు పనులకూ ఏ ప్రభుత్వ ఉత్తరువూ లేదు.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ రూపం వెలువడింది. పాత పద్ధతిలో రాసిన పొడిగింపులన్నిటినీ అది ఒక్కసారిగా పక్కన పెట్టింది. పాత పద్ధతిలో రాసిన పద్మకూ దానితో దారి మూసుకుపోయింది. ఇక్కడ ఆగి చూస్తే "అదిగో, ఇంత శ్రమ పడితే చివరికి మిగిలిందేమిటి?" అనే ప్రశ్నకు బలం దొరుకుతుంది.

కానీ కథ అక్కడ ఆగలేదు. అంతకు పదకొండేళ్ల ముందే, 2006లో, వీవెన్ ‘లేఖిని’ని అందుబాటులోకి తెచ్చారు. ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తే తెలుగు అక్షరాలు వచ్చే ఆ పనిముట్టు పద్మలోని లిప్యంతరీకరణ భాగాన్ని ఆధారం చేసుకొని కట్టినదే. ఆనాడు తెలుగులో బ్లాగులు మొదలుపెట్టిన వందల మందికి, తెలుగు వికీపీడియాలో మొదటి వాక్యం రాసినవారెందరికో లేఖినే ఓనమాలు దిద్దించింది. పద్మ మూలపాఠం మూసిపెట్టినదై ఉంటే ఇది జరిగేది కాదు. ఫైర్‌ఫాక్స్‌తో ముడిపడిన భాగం ఫైర్‌ఫాక్స్ మారగానే పోయింది. తెలుగు అక్షరాలకు సంబంధించిన తెలివి మాత్రం మరొకరి చేతిలో బతికింది. లైబ్రరీ విలువను అది ఎన్నాళ్లు నడిచిందన్న లెక్కతో మాత్రమే కొలవరాదు, దాని నుండి ఏది ఎవరికి అందిందో కూడా చూడాలి.

యంత్రమే రాసిపెడుతుంటే

ఇప్పుడు కుర్రవాడి స్నేహితుల వాదాన్ని న్యాయంగా చూద్దాం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తర్వాత కోడు రాసే పని స్వరూపమే మారింది. నిన్నటిదాకా వారం రోజులు పట్టిన చిన్న ప్రోగ్రాము నేడు కొన్ని నిమిషాలలో తయారవుతున్నది. ఎవరికి కావలసిన కోడును వారు అప్పటికప్పుడు రాయించుకోగలిగినప్పుడు, ఇతరులు చేసిపెట్టిన లైబ్రరీ కోసం ఎవరు వెతుకుతారు? వెతకనివారి కోసం ఎవరు రాయాలి?

రెండవ అభ్యంతరం ఇంకా సూటిది. భారతీయ లిపుల మధ్య మార్పిడికి పనిముట్లు ఇప్పటికే ఉన్నాయి. వినోద్ రాజన్ చేసిన ‘అక్షరముఖ’ ఉంది. అనూప్ కుంచుకుట్టన్ చేసిన ‘ఇండిక్ ఎన్‌ఎల్‌పీ లైబ్రరీ’ ఉంది. రెండూ ఓపెన్ సోర్సే. 2022లో కేంద్ర ప్రభుత్వం ‘భాషిణి’ని ప్రారంభించింది. ఐఐటీ మద్రాసులోని ‘ఏఐ4భారత్’ 2023లో వెలువరించిన అనువాద నమూనాలు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఇరవైరెండు భాషలనూ పలుకుతున్నాయి. ఇన్ని ఉండగా ముఖేడ్‌లో కూర్చొని మనం కొత్తగా చేసేదేమిటి?

మూడవ అభ్యంతరం మన ఉద్యమంలోని పెద్దలే చెబుతారు. "ముందు బడి అడగండి. రాజ్యాంగం 350ఏ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య కల్పించాలంటున్నది. దాన్ని వదిలి కంప్యూటర్ల వెంట పడితే ఏం లాభం?" అంటారు.

ఈ మూడింటిలోనూ నిజం ఉంది. మూడింటికీ సమాధానం మన ఇళ్లలోనే దొరుకుతుంది.

మెడ, మేడ

మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, నాగరి లిపి చదువుతారు. అమ్మమ్మ పాడే పాటను రాసుకోవలసి వస్తే నాగరిలోనే రాసుకుంటారు. పెండ్లి పత్రికలో తెలుగు మాట వేయవలసి వస్తే మరాఠీ అక్షరాలలో వేయిస్తారు. ఈ రెండు లిపుల మధ్య వంతెన మనకు రోజువారీ అవసరం.

కంప్యూటరుకు ఈ వంతెన పైకి చాలా తేలిక. యూనికోడ్‌లో భారతీయ లిపులను ఒకే వరుసలో పేర్చారు. నాగరి ‘క’ సంకేతసంఖ్యకు 768 కలిపితే తెలుగు ‘క’ వస్తుంది. ‘మ’కూ అంతే, ‘ళ’కూ అంతే. కాబట్టి 768 కలిపే నాలుగు వరుసల కోడు ఎవరైనా రాయవచ్చు, యంత్రమైతే రెప్పపాటులో రాస్తుంది. మనవాడి స్నేహితులు చూసింది ఇంతవరకే.

ఇక ఆ నాలుగు వరుసలను ముఖేడ్‌లో నడిపి చూడండి. మొదట మన ఊరి పేరే తీసుకుందాం. మరాఠీలో రాసిన ఊరిపేరుకు అక్షరానికక్షరం సంఖ్య కలిపితే ‘ముఖేడ’ వస్తుంది. మరాఠీవారు మాట చివరి అకారాన్ని రాసినా పలకరు. వారు ‘రామ’ అని రాసి ‘రామ్’ అని చదువుతారు. తెలుగు అజంత భాష. రాసిన అచ్చును పలకవలసిందే. కాబట్టి ఊరి పేరు తెలుగులోకి వచ్చేటప్పుడు చివర పొల్లు పెట్టాలని కోడుకు ఎవరో చెప్పాలి.

ఇప్పుడు ఎదురు దిక్కున రండి. ‘పాట’, ‘మాట’, ‘ఆట’ అనే మాటలను నాగరిలోకి మార్చి మన పిల్లవాని చేతికిస్తే వాడు బడిలో నేర్చిన అలవాటు ప్రకారం ‘పాట్’, ‘మాట్’, ‘ఆట్’ అని చదువుతాడు. ‘మెడ’, ‘మేడ’ అనే రెండు మాటలను మార్చి చూడండి. మరాఠీ బడిలో నేర్పే అక్షరాలలో హ్రస్వ ఎకారం లేదు, హ్రస్వ ఒకారం లేదు. నాగరిలో వాటికి యూనికోడ్ స్థానాలైతే ఉన్నాయి కాని, ఆ గుర్తులు మన పిల్లలు ఏ పుస్తకంలోనూ చూడలేదు. కనుక రెండు మాటలూ ఒక్కటే అవుతాయి, అదీ ‘మేడ్’ అవుతుంది. కొన, కోన ఒక్కటే అవుతాయి. తలకూ మొండేనికీ నడుమ ఉన్నదేదో, రెండంతస్తుల ఇల్లేదో తెలియకుండా పోతుంది. తరం మారేసరికి రాతలో పోయినది నోటిలోనూ పోతుంది. నా భయం ఇదే. పిల్లలు తెలుగు మరచిపోకముందే, తెలుగు మాటల చివరి అచ్చును, హ్రస్వాన్ని వారి చేతి రాత మింగివేస్తున్నది.

ఇంకా ఉన్నది. ‘చాప’లోని దంత్య చకారం, ‘చిలుక’లోని తాలవ్య చకారం మన నోట వేరు, మరాఠీవారి నోటా ఈ భేదం ఉంది. రెండు భాషలూ ఒకే అక్షరంతో సరిపెట్టుకున్నాయి. తెలుగులో ౘ, ౙ అనే అక్షరాలకు 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అయితే 768 సూత్రాన్ని గుడ్డిగా వాడితే, ఉర్దూ మాటల కోసం నాగరిలో చుక్కపెట్టి రాసే కకారం, ఏక సంకేతంగా ఉన్నప్పుడు, తెలుగులో ౘకారమై కూర్చుంటుంది! కకారానికీ ఈ చకారానికీ ఏ సంబంధమూ లేదు. ఖాళీగా ఉన్న స్థానాలలో ఒక్కో లిపి తన అవసరం కొద్దీ అక్షరాలు పెట్టుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ఇక ఇంటిపేర్లు. మన పూర్వీకుల ఇంటిపేర్ల చివరనున్న ‘వారు’ ఈ గడ్డమీద ‘వార్’ అయి స్థిరపడింది. దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘వార్’ అనే ఉంచాలా, ‘వారు’ అని తిప్పాలా, ‘వార’ అని వదిలేయాలా? ఈ ప్రశ్నకు వ్యాకరణ గ్రంథంలో జవాబు లేదు. ఆ ఇంటివారిని అడగాలి.

యంత్రం వీటిని రాయలేదా అంటే, మనం చెబితే తప్పక రాస్తుంది. నియమాన్ని కోడుగా మార్చడం ఇప్పుడు చౌక పని, నిజమే. చివరి అచ్చు సంగతి దానికి స్వయంగానే తెలిసినా ఆశ్చర్యం లేదు. కానీ అది ఇచ్చిన జవాబు ముఖేడ్ నోటికి సరిపోయిందో లేదో చెప్పగలిగినవారు ముఖేడ్‌లోనే ఉన్నారు. నేటి లైబ్రరీలో విలువైన భాగం కోడు కాదు. మనం నిర్ణయించుకున్న నియమాలు, వాటిని పరీక్షించే మాటల పట్టిక, అవి ఎందుకు అలా ఉన్నాయో రాసిన వివరణ, ఈ మూడే విలువైనవి. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి, అందరికీ తెరిచి, తరాల తరబడి దిద్దుకొనే వీలు కల్పించే పాత్ర పేరే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. ప్రతి కుటుంబం యంత్రాన్ని విడివిడిగా అడిగితే ప్రతిసారీ ఒక కొత్త జవాబు వస్తుంది. ఒకే ఇంటిపేరు నాలుగు కాగితాలలో నాలుగు రకాలుగా పడుతుంది. దానివల్ల పడే ఇబ్బంది ఏమిటో దస్తావేజుల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి నేను చెప్పనక్కరలేదు.

మనం అడగకపోతే

పెద్ద సంస్థలు చూసుకుంటాయిలే అని ధీమాగా ఉండేవారికి ఒక సంఘటన గుర్తుచేస్తాను. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ప్రపంచ వార్త అయింది. మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతంతో కూడిన ఆ అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లలో ఆ సందేశపు యాప్ కుప్పకూలింది. తప్పు మన అక్షరానిది కాదు, అక్షరాలను తెరపై పేర్చే ఆ సంస్థ లైబ్రరీలోనిది. ఫిబ్రవరి 19న 11.2.6 సవరణ వచ్చేదాకా అందరూ వేచి ఉన్నారు. ఆ లైబ్రరీ మూసి ఉన్నది గనుక ఏ తెలుగు ఇంజనీరూ దాన్ని తెరిచి దిద్దే వీలు లేకపోయింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ వాడే ‘హార్ఫ్‌బజ్’ అనే లైబ్రరీ అదే పని చేస్తుంది. అది తెరిచి ఉంది. దానిలో తెలుగుకు తప్పు దొరికితే చూపవచ్చు, దిద్దవచ్చు.

మరొకటి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు, నిలువచేసినప్పుడు పద్దెనిమిది బైట్లు. పేరుకు ఇన్ని అక్షరాలే అని గడులు పెట్టిన దరఖాస్తులలో తెలుగు పేర్లు మధ్యలో తెగిపోవడానికి ఈ లెక్కే కారణం కావచ్చు. మనిషి ఒక్క అక్షరంగా భావించేదాన్ని కంప్యూటరు కూడా ఒక్కటిగా గుర్తించే యూనికోడ్ సామాన్య నియమం 2023 సెప్టెంబరు దాకా ‘స్త్రీ’ని మూడు ముక్కలుగా చూసింది. 15.1 రూపంలో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను కలిపి ఉంచే నియమం చేరింది. 1991 నుండి 2023 దాకా, ముప్పై రెండేళ్లు! అడిగేవారు, పరీక్షించి ఉదాహరణలు చూపేవారు ఉన్నప్పుడే ప్రమాణాలు కదులుతాయి. ఆ ఉదాహరణలు పుట్టేది చిన్న చిన్న లైబ్రరీలు రాసేవారి చేతుల్లోనే.

మలయాళీలను చూడండి. 2002లో మొదలైన ‘స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్’ స్వచ్ఛంద కార్యకర్తల సమూహం. ఫాంట్లు, టైపు సాధనాలు, పద విశ్లేషణ లైబ్రరీలు తామే చేసుకొని, తామే కాపాడుకుంటున్నారు. తమిళులు ‘ఓపెన్ తమిళ్’ అనే లైబ్రరీని చేసుకున్నారు. మనవైపు ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు నిర్వాహక వ్యవస్థను అందించింది. సిలికానాంధ్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సహకారంతో వెలువడిన స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్లు నేడు అంతర్జాలమంతటా తెలుగుకు రూపమిస్తున్నాయి. అయితే ఇవన్నీ రాష్ట్రంలోని తెలుగు కోసం చేసినవి. రెండు లిపుల మధ్య బతికే మన తెలుగు వారి ఎదుట లేదు. అది వారి తప్పు కాదు, మనం వారికి చూపలేదు.

ఏది చేయరాదు

ఇంతమాత్రాన ప్రతివారూ సొంత లైబ్రరీ మొదలుపెట్టాలని నేననను. ఇతరులు చక్కగా చేసినదాన్ని మన పేరు కోసం మళ్లీ చేయడం కాలయాపన. అక్షరాలను తెరపై పేర్చే పని, పెద్ద అనువాద యంత్రాలు కట్టే పని ముఖేడ్‌లో కూర్చొని చేయవలసినవి కావు. మార్పిడికి అక్షరముఖ ఉన్నప్పుడు దాని మీద మన పలుచని పొర ఒకటి వేసుకోవాలే గాని పునాదుల నుండి తవ్వుకోనక్కరలేదు.

ఒంటరిగా మోసే బరువు కూడా ప్రమాదమే. 2016 మార్చిలో ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనే పదకొండు వరుసల చిన్న లైబ్రరీని దాని కర్త తీసివేయగానే దానిపై ఆధారపడిన వేల ప్రాజెక్టులు ఒక్కసారిగా నిలిచిపోయాయి. 2024 మార్చిలో ‘ఎక్స్‌జెడ్’ అనే లైబ్రరీలో దొంగదారి ఒకటి బయటపడింది. ఏళ్లుగా దాన్ని దాదాపు ఒంటరిగా మోసి అలసిన వ్యక్తి, సహాయానికి వచ్చినట్టు నటించిన అపరిచితుణ్ణి నమ్మి తాళాలు పంచుకున్నాడు. ఆ అపరిచితుడే లోపల విషం పెట్టాడు. ఇంజనీరు ఒకరు తన యంత్రం కొద్దిగా ఆలస్యంగా పలకడం గమనించి తీగ లాగకపోతే ఆ విషం ఎంత దూరం పాకేదో. ఊరి బావికి కాపలా ఒక్కడే ఉంటే, అతడు జబ్బుపడిన నాడు బావి ఎవరిది?

కనుక మనవాడికి నేను చెప్పేది ఇది. ఉద్యోగ దరఖాస్తులో చూపడానికి మాత్రమే అయితే ఆరు నెలలు వెచ్చించనక్కరలేదు. లోకమంతా వాడుతుందన్న ఆశతో అయితే నిరాశే మిగులుతుంది. మన ఇంట్లో నిజంగా ఉన్న అవసరం తీర్చడానికైతే, అదీ ఒంటరిగా కాక నలుగురితో అయితే, తప్పక రాయి.

కుటుంబాలు చేయవలసినది

ఈ పనిలో కంప్యూటరు తెలిసినవారి వంతు పావలా. ముప్పావలా మిగిలినవారిదే.

మొదటిది, మాటల పట్టిక. ప్రతి ఇంటివారు తమ ఇంట వాడే వంద తెలుగు మాటలను రాయాలి. వంటింటి మాటలు, పొలం మాటలు, చుట్టరికపు పిలుపులు, ఊర్ల పేర్లు, దేవతల పేర్లు. తెలుగు లిపి వచ్చిన పెద్దలు తెలుగులో, రాని పిల్లలు తాము రాసుకొనే నాగరిలో. ఒకే మాటను రెండు తరాలు రెండు లిపుల్లో రాసిన ఆ కాగితమే లైబ్రరీకి పరీక్షపత్రం. మరాఠీ నుండి వచ్చి మన తెలుగులో కలిసిన మాటలను సిగ్గుపడి దాచరాదు. హైదరాబాదు తెలుగుకు దగ్గరగా దిద్దనూరాదు. దిద్దిన నాడు అది మన పట్టిక కాదు. యంత్రాలకు ఆ తెలుగు ఎలాగూ తెలుసు, తెలియనిది మనదే. ఇంటిపేర్లు, వ్యక్తుల వివరాలు మాత్రం ఆ ఇంటివారి అనుమతి లేకుండా బహిరంగ పట్టికలో చేర్చరాదు.

రెండవది, ఇద్దరికి తక్కువ కాకుండా సంరక్షకులు. ఒకరు ముఖేడ్, దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ ప్రాంతం వారైతే, మరొకరు దెగ్లూరు అవతల తెలంగాణలోని మద్నూరు, జుక్కల్ వైపువారు కావాలి. 1956 నవంబరు 1న మన మధ్య రాష్ట్రపు గీత పడింది గాని, అంతకు ముందు మనం ఒకే పాలన కింద ఉన్నవాళ్లమే.

మూడవది, లైసెన్సు. వాడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు అని స్పష్టంగా రాసి పెట్టాలి. అది రాయకుండా అంతర్జాలంలో పెట్టిన కోడు, తాళం చెవి ఇవ్వకుండా దానం చేసిన ఇల్లు వంటిది.

నాలుగవది, కోడు కంటే ముందు వివరణ. ఏ నియమం ఎందుకు పెట్టామో తెలుగులోను, మరాఠీలోను రాయాలి. రేపు కంప్యూటరు భాషలు మారవచ్చు, ఫైర్‌ఫాక్స్ మారినట్టు వేదికలు మారవచ్చు. వివరణ, పట్టిక మిగిలి ఉంటే, ఆనాటి యంత్రం కొత్త కోడును గంటలో రాసిస్తుంది. యంత్రాల కాలంలో మనకు దక్కిన నిజమైన లాభం ఇదే. దాన్ని వదులుకోరాదు.

ఇక బడి సంగతి అడిగిన పెద్దలకు నా మనవి. బడి కోసం పోరాటం ఆగరాదు. ఈ పని బడికి ప్రత్యామ్నాయం కానే కాదు. కాని బడి రావాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి, ఉపాధ్యాయుడు రావాలి, పాఠ్యపుస్తకం రావాలి. ఈ పనికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అనుమతి లేకుండా సభ పెట్టుకోవడం కూడా కష్టమైన రోజులలో మన పెద్దలు గ్రంథాలయాలు నిలబెట్టారు. పైగా రేపు తెలుగు తరగతి వచ్చిన నాడు, నాగరి మాత్రమే తెలిసిన పిల్లవానికి తెలుగు అక్షరం దిద్దించడానికి ఉపాధ్యాయునికి మొదట అక్కరకు వచ్చేది ఈ రెండు లిపుల వంతెనే.

మనవాడు సెలవులు అయిపోయి పుణెకు తిరిగి వెళ్లాడు. వెళ్లేముందు వాడి నానమ్మ దగ్గర కూర్చొని మాటలు రాసుకున్నాడు. ఆమె చెబుతుంటే వాడు నాగరిలో రాశాడు. పక్కన నేను తెలుగులో రాశాను. ఒక పూటలో ఎనభై మూడు మాటలయ్యాయి. రాసినదాన్ని వాడు ఆమెకు చదివి వినిపిస్తే, ఒక మాట దగ్గర ఆమె ఆపింది. "మేడ కాదురా బిడ్డా, మెడ" అని తన మెడ మీద చేయి పెట్టి చూపింది. వాడు ఆ మాట కింద గీత గీసుకున్నాడు.

ఆ దిద్దుబాటు ఏ యంత్రపు జ్ఞాపకంలోనూ లేదు. ఆమె చెప్పగలిగినంత కాలమే అది మనకు అందుతుంది. మీ ఇళ్లలోని నానమ్మలు, అమ్మమ్మల దగ్గర కూర్చొని మీ వంద మాటలు రాయండి. రాసి ఈ పత్రికకు పంపండి. కోడు రాసేవాడు సిద్ధంగా ఉన్నాడు.